‘యూ స్మెల్’ అంటే పొగడ్త ఎందుకు కాదు? స్మెల్, ఓడర్, సెంట్, అరోమా: ఏది ఎక్కడ వాడాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. కొత్త ఆఫీసులో పక్క సీటావిడ మంచి పెర్ఫ్యూమ్ వేసుకొచ్చింది. మెచ్చుకుందామని మీరు ‘మేడమ్, యూ ఆర్ స్మెల్లింగ్’ అన్నారు. ఆవిడ మొహం మాడ్చుకుని వెళ్లిపోయింది. డిక్షనరీ తీస్తే స్మెల్ అంటే వాసన అనే ఉంది. ఓడర్, సెంట్, ఫ్రేగ్రెన్స్, అరోమా, అన్నిటికీ అదే ‘వాసన’ ఇచ్చారు. మరి తప్పెక్కడ జరిగింది, వీటిలో తేడా ఏమిటి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. స్మెల్ పక్కన మంచో చెడో చెప్పే మాట లేకపోతే అది చెడు వాసన కిందే లెక్క. ‘యూ స్మెల్ నైస్’ పొగడ్త. ‘యూ స్మెల్’ అని ఆపేస్తే ‘నీ దగ్గర కంపు కొడుతోంది’ అన్నట్టే. మీరన్న ‘యూ ఆర్ స్మెల్లింగ్’ వ్యాకరణం ప్రకారం ‘మీరు ఏదో వాసన చూస్తున్నారు’ అవుతుంది కానీ, మన దేశంలో ఆ మాట విన్న ఎవరికైనా తట్టేది ఆ కంపు అర్థమే.

ఇదేదో ఇంగ్లీషువాళ్ల వింత అనుకోకండి. ‘అన్నం వాసనొస్తోంది’ అని మీ అమ్మగారు అంటే ఆ అన్నం మీరు తింటారా? ‘పాలు వాసనొస్తున్నాయి’ అంటే కాఫీ పెట్టుకుంటారా? వాసన అన్న మాటలో చెడ్డ ఏమీ లేదు. పక్కన ‘మంచి’, ‘కమ్మటి’ లేకుండా ఒంటరిగా వస్తే మాత్రం చెడే. స్మెల్‌ది కూడా అచ్చం ఇదే గుణం. మీరు బస్సులో పక్కనున్న మనిషితో ‘మీ దగ్గర వాసనొస్తోందండీ’ అని తెలుగులో అనరు కదా. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఆ జాగ్రత్త మర్చిపోతాం, అంతే.

నేను ఇరవై రెండేళ్లుగా ఇంగ్లీషు నుంచి తెలుగుకి అనువాదాలు చేస్తున్నాను. సబ్బుల రేపర్ల మీది రాతల నుంచి మందుల కరపత్రాలు, వంటల పుస్తకాల దాకా. సాయంత్రాలు నర్సింగ్ పిల్లలకు ఇంగ్లీషు చెప్తాను. ఈ వాసన మాటల దగ్గర నేనే రెండుమూడుసార్లు బోర్లా పడ్డాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

అసలు చిక్కు క్రియలో ఉంది. తెలుగులో మనకు మూడు వేర్వేరు పనులకు మూడు మాటలున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం ఒకటి. ఏదో ఒక వస్తువు నుంచి వాసన రావడం రెండు. మన ప్రయత్నం లేకుండా ముక్కుకు వాసన తగలడం మూడు. ఇంగ్లీషులో ఈ మూడిటికీ ఒక్క స్మెల్లే. ‘షీ స్మెల్డ్ ద ఫ్లవర్’ అంటే చూసింది. ‘ద ఫ్లవర్ స్మెల్స్ స్వీట్’ అంటే వచ్చింది. ‘ఐ కెన్ స్మెల్ జాస్మిన్’ అంటే తగిలింది. ఎవరు చూస్తున్నారు, ఎవరి నుంచి వస్తోంది అనేది వాక్యం అమరికను బట్టి తేలాలి. కోవిడ్ రోజుల్లో మా వీధి పెద్దాయన ఒకరు ఫోన్లో డాక్టరుకు ‘మై నోస్ ఈజ్ నాట్ స్మెల్లింగ్’ అని చెప్పారు. ముక్కుకు వాసన తెలియడం లేదని ఆయన బాధ. ముక్కు కంపు కొట్టడం లేదన్నట్టు వినబడింది. ‘ఐ కాంట్ స్మెల్ ఎనీథింగ్’ అంటే సరిపోయేది.

ఈ మూడో అర్థంలో, అంటే తగలడంలో, ఇంగ్లీషువాళ్లు ‘కెన్’ పెడతారు, ‘ఇంగ్’ పెట్టరు. ‘ఐ యామ్ స్మెల్లింగ్ గ్యాస్’ మన ఇంగ్లీషు. ‘ఐ కెన్ స్మెల్ గ్యాస్’ వాళ్ల ఇంగ్లీషు. అలాగే రెండో అర్థంలో పక్కన వచ్చేది ‘గుడ్’, ‘బ్యాడ్’ లాంటి విశేషణమే. ‘ద బిర్యానీ స్మెల్స్ గుడ్’ అనాలి, ‘వెల్’ అనకూడదు. పరీక్షల్లో ఏటా ఈ ఒక్క ప్రశ్న ఎక్కడో ఒకచోట తగులుతుంది. భూతకాలంలో బ్రిటిష్‌వాళ్లు ‘స్మెల్ట్’ అనీ, అమెరికన్లు ‘స్మెల్డ్’ అనీ రాస్తారు, రెండూ ఒప్పే. ఖనిజాన్ని కరిగించి లోహం తీయడాన్ని కూడా ‘స్మెల్ట్’ అంటారు. అది వేరే మాట, వాసనతో చుట్టరికం లేదు.

‘స్మెల్స్ ఆఫ్’, ‘స్మెల్స్ లైక్’ తేడా కూడా ఇక్కడే చెప్పేస్తాను. ‘హిజ్ షర్ట్ స్మెల్స్ ఆఫ్ సిగరెట్స్’ అంటే చొక్కాకు నిజంగానే సిగరెట్టు పొగ పట్టింది. ‘దిస్ టీ స్మెల్స్ లైక్ సిగరెట్స్’ అంటే టీలో సిగరెట్టు లేదు, పోలిక మాత్రమే. మాటల్లో రెండిటికీ ‘లైక్’ వాడేస్తుంటారు గానీ, రాసేటప్పుడు ‘ఆఫ్’ చేతిలో ఉంటే పనికొస్తుంది.

ఇక పర్యాయపదాలు. నా విద్యార్థులకు నేను చెప్పేది ఒకటే. మంచి వాసనా, చెడ్డ వాసనా అన్నది రెండో ప్రశ్న. మొదట అడగాల్సింది ఆ వాసన ఎక్కడి నుంచి వస్తోంది, ఆ మాట అంటున్నది ఎవరు అని.

ఓడర్ ఆఫీసు మాట. లాటిన్ నుంచి వచ్చింది, అందుకే కాస్త బిగదీసుకుని ఉంటుంది. ల్యాబు రిపోర్టులో, మునిసిపాలిటీ నోటీసులో, మందుల కరపత్రంలో కనబడుతుంది. అక్కడ మంచీ చెడూ ఏమీ లేదు, ‘వాసన’ అంతే. అదే మాట ఇంట్లో మాట్లాడేటప్పుడు వాడితే మాత్రం చెడు వైపు జారుతుంది. ‘దేర్ ఈజ్ యాన్ ఓడర్ ఇన్ ద ఫ్రిజ్’ అంటే ఫ్రిజ్ కడగమని చెప్పడమే. ‘బాడీ ఓడర్’ అంటే చెమట కంపు. దాన్ని ‘బి.ఓ.’ అని రెండు పొడి అక్షరాలు చేసి అమెరికాలో ఇంటింటికీ చేర్చినవి, మనందరికీ తెలిసిన లైఫ్‌బాయ్ సబ్బు ప్రకటనలే.

ఓడర్‌కు ఎదురు మాట ‘ఓడర్‌లెస్’. దీని విలువ తెలియాలంటే వంటగ్యాసు చూడాలి. సిలిండర్లో ఉండే గ్యాసుకు సొంత వాసన దాదాపు ఉండదు. లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే గంధక పదార్థం కావాలనే కలుపుతారు. గాలిలో లేశమాత్రం ఉన్నా మన ముక్కు దాన్ని పట్టేస్తుంది. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం న్యూ లండన్ అనే ఊళ్లో 1937 మార్చి 18న వాసన లేని సహజవాయువు బడి కింద పోగై పేలి, దాదాపు 300 మంది పిల్లలు, టీచర్లు చనిపోయారు. గ్యాసుకు వాసన కలపాలన్న చట్టం ఆ తర్వాతే అక్కడ వచ్చింది. గ్యాసు భద్రత కరపత్రం ఒకటి తెలుగు చేసినప్పుడు చూశాను, గ్యాసు లక్షణాలు చెప్పే పేరాలో ‘ఓడర్’ ఉంది, జనానికి సూచనలిచ్చే పేరాలో ‘ఇఫ్ యూ స్మెల్ గ్యాస్’ ఉంది. ఒకే కాగితంలో నిపుణుడి మాటా, ఇంటి మాటా. రెండోదానికి నేను ‘గ్యాసు వాసన తగిలితే’ అని రాశాను. ‘గ్యాసును వాసన చూస్తే’ అని రాసిన పాత కరపత్రం ఒకటి నా దగ్గర ఇప్పటికీ ఉంది! (అన్నట్టు, అలా తగిలితే స్విచ్చులు ముట్టుకోకుండా కిటికీలు తెరిచి, రెగ్యులేటర్ కట్టేసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి.)

సెంట్ విషయంలో మన తెలుగు సెంటు మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. మనకు సెంటు అంటే సీసా, లేదా 48.4 చదరపు గజాల నేల. ఇంగ్లీషులో ఈ మాట మొదట వేటగాళ్లది. జంతువు నడిచివెళ్లిన దారిలో మిగిలిపోయే వాసన, కుక్క ముక్కుతో పట్టుకుని వెంబడించేది. దాని మూలం లాటిన్లో ‘అనుభూతి చెందు’ అనే క్రియ. పాత రాతల్లో ‘సి’ అక్షరం లేకుండానే రాసేవారు, పదిహేడో శతాబ్దంలో అది ఎందుకో వచ్చి చేరింది. ఆ వేట వాసన ఇప్పటికీ పోలేదు. పోలీసులను పక్కదారి పట్టించడాన్ని ‘త్రో ఆఫ్ ద సెంట్’ అంటారు. పూలకూ వాడతారు గానీ, అది లేతగా, సన్నగా తేలి వచ్చే వాసనకు. తెలుగులో దీనికి బాగా దగ్గరగా వచ్చేది ‘తావి’. పాపం ఆ మాట ఇప్పుడు ‘పసిడికి తావి అబ్బినట్టు’ అనే సామెతలో తప్ప బతికి లేదు.

ఫ్రేగ్రెన్స్ ఎప్పుడూ మంచి వాసనే. పరిమళం, సౌరభం, గుబాళింపు, వాక్యాన్ని బట్టి ఏదైనా సరిపోతుంది. మాట తేలికే, నేను దెబ్బతిన్నది మాత్రం ఇక్కడే. ఒక కంపెనీ లోషన్ డబ్బాలు రెండు వచ్చాయి అనువాదానికి. ఒకదాని మీద ‘ఫ్రేగ్రెన్స్ ఫ్రీ’, ఇంకోదాని మీద ‘అన్‌సెంటెడ్’. నేను రెండిటికీ ‘వాసన లేనిది’ అని రాసి పంపేశాను. వాళ్ల చర్మవైద్యురాలు తిప్పి పంపారు. ‘ఫ్రేగ్రెన్స్ ఫ్రీ’ అంటే సుగంధ పదార్థాలేవీ కలపలేదని. ‘అన్‌సెంటెడ్’ అంటే వాసన తెలియదని మాత్రమే. లోపలి రసాయనాల వాసనను అణచడానికి ఇంకో సుగంధం కలిపి ఉండవచ్చు. సెంటు పడక దద్దుర్లు వచ్చేవాళ్లకు ఈ రెండూ ఒకటి కావు. తర్వాత మొదటిదానికి ‘సుగంధ పదార్థాలు కలపనిది’ అనీ, రెండోదానికి ‘వాసన తెలియనిది’ అనీ మార్చాను. మీ ఇంట్లో ఎవరికైనా అలాంటి ఎలర్జీ ఉంటే డబ్బా వెనక పదార్థాల జాబితాలో ‘పర్ఫమ్’ అన్న మాట ఉందో లేదో చూడండి.

పెర్ఫ్యూమ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మీకు తెలిసిందే. లాటిన్లో దాని అర్థం ‘పొగ ద్వారా’ అని తెలిస్తే మాత్రం సరదాగా ఉంటుంది. మన సాంబ్రాణి ధూపం లాంటి దానితోనే మొదలైందన్నమాట. అత్తరు అరబ్బీ మాట, ‘ఇత్ర్’ నుంచి వచ్చింది.

అరోమా వంటింటిది. కాఫీ, మసాలా, అప్పుడే పొయ్యి మీంచి దించిన పులిహోర. గ్రీకులో ఆ మాటకు అర్థమే మసాలా దినుసు. మనం లవంగాలు, యాలకులను ‘సుగంధ ద్రవ్యాలు’ అంటాం చూశారా, వాళ్లూ మనమూ ఒకే దారిలో నడిచాం. బాస్మతిని ‘అరోమాటిక్ రైస్’ అంటారు. ఆ వాసనకు ముఖ్య కారణమైన పదార్థమే పాప్‌కార్న్‌లోనూ ఉంటుంది, అందుకే రెండిటి ఘుమఘుమకూ ఎక్కడో పోలిక. మనిషికి మాత్రం అరోమా వాడకండి. ‘యూ హ్యావ్ ఎ నైస్ అరోమా’ అంటే ఎదుటివాళ్లను తాలింపు పెట్టినట్టుంటుంది. కెమిస్ట్రీలో ‘అరోమాటిక్ కాంపౌండ్’ అంటే మళ్లీ వేరు. మొదట్లో వాసన వల్లే ఆ పేరొచ్చింది గానీ, ఇప్పుడు బెంజీన్ లాంటి వలయ నిర్మాణాన్ని బట్టి చెప్తారు, ముక్కుతో సంబంధం లేదు.

చెడు వైపు మాటలు చాలా ఉన్నాయి. స్టింక్ ఇంట్లో, స్నేహితుల మధ్య తిట్టే కంపు. స్టెంచ్ పత్రికల్లో రాసే దుర్గంధం, చచ్చిన పశువు, నిండిపోయిన మురుగు కాలువ స్థాయిది. రీక్ అంటే గుప్పున కొట్టడం. ‘హీ రీక్డ్ ఆఫ్ లిక్కర్’ అంటే మందు వాసన గుప్పుమంది. దీని పాత అర్థం పొగ, పొగ గొట్టాల వల్ల స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో నగరానికి ‘ఆల్డ్ రీకీ’ అని ముద్దు పేరు. పంజెంట్ చెడుకాదు, ఘాటు. లాటిన్లో ‘గుచ్చు’ అనే మాట నుంచి వచ్చింది, ఇంగువకూ ఆవపిండికీ సరిగ్గా అతుకుతుంది. మస్టీ అంటే వానాకాలం మూసి ఉంచిన బీరువాలో వచ్చే ముక్కవాసన. ర్యాన్సిడ్ అంటే పాతబడిన నూనెది.

ఇక్కడ ఒక పక్కదారి పడతాను, క్షమించండి, నాకు ఇష్టమైన విషయం. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో స్టింక్‌కు ‘వాసన రావడం’ అనే అర్థం. గులాబీ కూడా ‘స్టింక్’ అయ్యేది, ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. రానురాను అది కంపు అయిపోయింది. తర్వాత ఆ ఖాళీలోకి స్మెల్ వచ్చింది, ఇప్పుడు అదీ జారుతోంది. మన దగ్గరా ఇదే కథ. పాత కావ్యాల్లో కంపు అంటే పరిమళం అని కూడా అర్థం ఉంది. కన్నడంలో ఇప్పటికీ అంతే, ‘కన్నడద కంపు’ అని గర్వంగా అంటారు. బెంగళూరులో మొదటిసారి ఆ బోర్డు చూసి నేను రోడ్డు మీదే నవ్వేశాను, పక్కనున్న కన్నడ మిత్రుడికి ఎందుకో అర్థం కాలేదు. తమిళంలో ‘నాట్రం’ అంటే ఇవాళ కంపు. ఆండాళ్ మాత్రం శంఖాన్ని పట్టుకుని, కృష్ణుడి నోరు కర్పూరం వాసన వేస్తుందా, తామరపూవు వాసన వేస్తుందా అని అడిగినప్పుడు ఆ నాట్రానికి మూలమైన క్రియనే వాడింది. ఇవాళ ఎవరైనా ఆ మాటతో పొగిడితే, మీ ఆఫీసులో మీకు పట్టిన గతే పడుతుంది.

నర్సింగ్ చదివేవాళ్లెవరైనా ఇది చూస్తుంటే వారికో మాట. కేస్ షీట్లో ‘పేషెంట్ హ్యాజ్ స్మెల్’ అని రాయకండి. అది తిట్టూ కాదు, సమాచారమూ కాదు. పుండు నుంచైతే ‘ఫౌల్ స్మెల్లింగ్ డిశ్చార్జ్’ అనండి. షుగర్ బాగా పెరిగి, రక్తంలో ఆమ్లాలు పేరుకునే కీటోయాసిడోసిస్ వచ్చినవాళ్ల ఊపిరిలో ఎసిటోన్ వల్ల పండిన పండు లాంటి వాసన వస్తుంది, దానికి ‘ఫ్రూటీ ఓడర్ ఆన్ బ్రెత్’ అని రాస్తారు. నా దగ్గర చదివే అమ్మాయి ఒకతి అక్కడ ‘ఫ్రేగ్రెంట్ బ్రెత్’ అని రాసింది. అర్థం దగ్గరదే, కానీ ప్రాణం మీదికొచ్చిన మనిషిని పూలతోటలా వర్ణించినట్టయింది.

మీరు అడగకపోయినా ఎదురు ప్రశ్న ఒకటి నేనే వేసుకుంటాను. మన వాసనలకు ఇంగ్లీషు మాటలున్నాయా? కొన్నిటికి లేవు. నీచు వాసన తీసుకోండి. గుడ్డు కొట్టిన గిన్నె, చేపలు కడిగిన చెయ్యి, పచ్చి మాంసం, ఇవన్నీ వేర్వేరు వస్తువులు. వాటిలో ఉమ్మడిగా ఉన్న ఒక గుణాన్ని మనం ‘నీచు’ అని ఒక్క ముక్కలో చెప్పేస్తాం. మాంసాహారానికే ‘నీచు’ అని పేరు పెట్టుకున్నాం. ‘ఫిషీ’ అంటే చేప ఒక్కటే వస్తుంది, గుడ్డు రాదు. పైగా ‘ఫిషీ’కి అనుమానాస్పదం అనే అర్థం కూడా ఉంది. ఇంగ్లీషులో వాసనల మాటలు చాలావరకు ఇలా వస్తువు పేరు మీద ఆధారపడ్డవే. మలయా ద్వీపకల్పంలో జహాయి అనే చిన్న అడవి జాతి భాషలో రంగులకు ఉన్నట్టు వాసనలకూ ప్రత్యేక పదాలున్నాయని 2014లో ఆసిఫా మజీద్, నిక్లాస్ బురెన్‌హుల్ట్ అనే పరిశోధకులు చూపించారు. అది చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మన నీచే.

పచ్చి వాసన ఇంకొకటి. ‘అల్లం వెల్లుల్లి పచ్చి వాసన పోయేదాకా వేయించాలి’ అన్నదాన్ని మన వంటల ఇంగ్లీషులో ‘టిల్ ద రా స్మెల్ గోస్’ అంటారు. మన దేశంలో అందరికీ తెలుస్తుంది. ఒక పుస్తకం బయటి దేశపు పాఠకుల కోసం చేసినప్పుడు ఎడిటర్ ‘రా అంటే పాడైపోయిందా?’ అని అడిగారు. చివరికి ‘వాసన మెత్తబడి, నూనె పైకి తేలేదాకా’ అని మార్చి రాశాం. పోపు మాడితే వచ్చే మాడు వాసన ఫరవాలేదు, ‘బర్న్‌ట్’ సరిపోతుంది.

తొలకరి మట్టి వాసనకు మాత్రం వాళ్లు మాట కొత్తగా తయారు చేసుకున్నారు. 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ‘పెట్రికోర్’ అని పెట్టారు. గ్రీకులో పెట్ర అంటే రాయి, ఇకోర్ అంటే దేవతల ఒంట్లో పారే ద్రవం. ఆ వాసనలో పెద్ద వాటా మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్‌ది. ఉత్తరప్రదేశ్ కనౌజ్‌లో కాల్చిన మట్టిని నీళ్లలో మరిగించి, ఆ ఆవిరిని చందన తైలంలోకి దించి ఈ వాసననే అత్తరు చేస్తారు. మామూలు సంభాషణలో పెట్రికోర్ అంటే అర్థం కాక చూసేవాళ్లు ఇంగ్లీషువాళ్లలోనూ ఉంటారు. ‘ద స్మెల్ ఆఫ్ రెయిన్’ అంటే చాలు.

ఇక మీ సంగతి. ఆడవాళ్లనైనా మగవాళ్లనైనా ఆఫీసులో ‘యూ స్మెల్ నైస్’ అని కూడా అనకండి. వ్యాకరణం సరే, చనువు ఎక్కువైపోతుంది. తెలుగులో మీరు ‘మీ దగ్గర మంచి వాసనొస్తోందండీ’ అంటారా? ‘ఏం సెంటండీ, బాగుంది’ అంటారు. ఇంగ్లీషులోనూ అదే దారి: ‘దట్స్ ఎ లవ్‌లీ పెర్ఫ్యూమ్’. మనిషిని వదిలేసి సీసాను పొగడండి. జరిగినదానికి రేపు టీ టైములో, ‘మేడమ్, నిన్న నేను మీ పెర్ఫ్యూమ్ బాగుందని చెప్పబోయాను, ఇంగ్లీషులో అది వేరేలా వచ్చింది’ అని తెలుగులోనే చెప్పేయండి. ఆవిడకు తెలుగు రాకపోతే కింద కామెంటులో రాయండి, రెండు వాక్యాలు ఇంగ్లీషులో రాసిస్తాను.